మూడో వరస

షువైఖ్‌లో మా షెడ్డుకి బోర్డు లేదు.
రేకు తలుపు మీద నేనే గీసిన సూది బొమ్మ,
అదీ సగం చెరిగింది.
ఇరవై ఎనిమిదేళ్ళుగా సీట్లు కుడుతున్నా.
ఇంజన్ సంగతి నన్నడక్కండి,
బండి వయసు నేను దారం చూసి చెబుతా.

తొంభై మూడు సబర్బన్.
ఇక్కడివాళ్ళ నోట్లో అది జిమ్స్.
వెనక బీరువాలా రెండు రెక్కల తలుపు,
ముందు బెంచీ సీటు: ముగ్గురు కూర్చుని
నాలుగోవాడికి జరిగేవాళ్ళు.
వక్కపొడి రంగు ముఖమల్ గుడ్డ.
గేరు కర్ర స్టీరింగు మెడలో.
కింద కమాను కట్టలు,
ఎద్దుబండి ఇరుసు మీద ఇల్లెక్కించినట్టు.
బానెట్ నా రొమ్ము దాకా.

రెండువేలు దాటాక మూలలు గుండ్రబడ్డాయి.
కమాన్లు పోయి చుట్ల స్ప్రింగులొచ్చాయి.
ఆ వెనకే ఎస్కలేడ్ దిగింది
ముక్కు నిండా పెళ్ళికూతురి జిగినీతో.
తోలు వచ్చింది.
ఎంత తోలు, ఎంత రెగ్జిన్
కుట్లు విప్పినవాడికే తెలుసు.
గుడ్డ తప్పు కుట్టుని మన్నిస్తుంది.
తోలు మన్నించదు, పడిన కన్నం పడినట్టే.

పదిహేను మోడల్ నుంచి మీట నొక్కితే చాలు
వెనక వరస తనంతట తనే వంగి పడుకుంటుంది.
ఇరవై ఒకటిలో వెనక ఇరుసు ముక్కలై
నేల కిందికి దిగింది,
మూడో వరసలో మనుషులకి కాళ్ళొచ్చాయి.
అంతదాకా అక్కడ కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు
గడ్డానికి తగిలేవి.
అక్కడ ఎవరు కూర్చుంటారో
కొలతలు గీసినవాళ్ళకి తెలీదనుకుంటా.
తెలుసేమో కూడా.
బానెట్ ఇప్పుడు నా భుజం దాటింది.

మొన్న జర్రాహ్ వచ్చాడు.
తను నడిపేది కొత్త ఎస్కలేడ్,
తలుపు నుంచి నడిమి దాకా వంకర తిరిగిన తెర.
వెనకాల సత్హా మీద, గాలి లేని చక్రాలతో
వాళ్ళ నాన్న తొంభై మూడు.
"లోపలంతా పాతలాగే కుట్టు, ఉస్తాద్.
కొత్తగా ఏమీ వద్దు."

మూడో వరస విప్పాను.
చేటెడు ఇసుక.
ఖర్జూరపు విత్తులు, దువ్వెన పన్ను,
వంద ఫిల్సుల బిళ్ళ,
ఒకవైపు తెల్లగా అరగదీసిన చింతపిక్కలు, మూడు.

చెత్తలో వెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు.
"ఇవి ఉబులావి."
ఓబుళమ్మ అని నాకు అర్థం కావడానికి
కొంచెంసేపు పట్టింది.
ఖైరాన్ శాలేకి గంటన్నర దారి,
వెనక వరసలో తనూ చెల్లెలూ ఆమే,
మధ్యన గుడ్డ మీద సుద్దతో గీసిన గళ్ళు.
"అన్నీ తెలుపు పడితే చమ్మ, నాలుగు.
అన్నీ నలుపు పడితే అష్త, ఎనిమిది."
ట పలకదు అతనికి. లెక్క మాత్రం తప్పలేదు.

ఆమె ఏ ఊరిదని అడిగాను.
"తొంభై తొమ్మిదిలో వెళ్ళిపోయింది," అన్నాడు.
కాసేపాగి,
"ఊరు మేమెప్పుడూ అడగలేదు."

మూడు పిక్కలకి చమ్మ పడదు, అష్టా పడదు.
పులుసుకి నానేసిన చింతపండులోంచి
ఒక గింజ తీశాను.
షెడ్డు గడప సిమెంటు మీద, ఒకవైపే,
తెలుపు తేలేదాకా రుద్దాను.
చెయ్యి మర్చిపోలేదు.
ముఖమల్ రంగు నలభై షాపుల్లో దొరకలేదు గానీ
ఇది దొరికింది.

నాలుగూ అతని దోసిట్లో పోశాను.
గలగలా ఊపి
తన కొత్త బండి బానెట్ మీద విసిరాడు.
మిషన్ ముందు పీట మీద కూర్చున్నవాణ్ణి,
చప్పుడు విన్నాను.
"ఉస్తాద్!" అని అరిచాడు.

ఏం పడిందో నాకు కనబడలేదు.
అంత ఎత్తు.